మూడో పలక వెనక గింజ

పోయిన వారం మనం హన్మంతును ఐకాడ్ లేబర్ క్యాంపులో, కూలీల గదిలో, రెండంతస్తుల మంచం కింది పరుపు మీద, ముచ్చెమటలు పోసుకుంటూ కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే వదిలేసి వచ్చాం. గదిలో ఏసీ పద్దెనిమిది మీద ఉంది. అయినా చెమట. పోయదా మరి! డ్రైవర్ రత్నాకర్ వచ్చి చెవిలో ఊదిన మాట అలాంటిది.

"హన్మన్నా, నువ్వు చేసిన రాగి పలకలు ఉత్సవంల పెట్టేటందుకు గాదే. ముదీర్ వాటిని అసలువేనని జెప్పి దుబాయ్‌ల ఎవరో సేఠ్‌కు అమ్ముతున్నడు. కార్ల ఫోన్ మాట్లాడంగ నా చెవులార విన్న."

కొత్తగా ఈ కథలో కాలు పెట్టినవాళ్లు కంగారు పడొద్దు, వెనకటిది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. హన్మంతు మెట్‌పల్లి దిక్కు కంచరి. పాతికేళ్లు గిన్నెల దుకాణం అరుగు మీద కూర్చుని, జనం కొన్న బిందెల మీద, చెంబుల మీద, తాంబాళాల మీద సన్న ఉలితో పేర్లు కొట్టి బతికాడు. పేర్లు గీసే కరెంటు పెన్ను వచ్చాక అతని ఉలిని అడిగే నాథుడు లేకపోయాడు. దాంతో విమానమెక్కి, దుబాయ్‌కి గంటన్నర దూరంలో ఉన్న ముసఫాలో ఒక లోహాల వర్క్‌షాపులో హెల్పర్‌గా పడ్డాడు. నాలుగేళ్లయింది, ఇంటి మొహం చూడలేదు. పాస్‌పోర్ట్ మేనేజర్ రామ్మోహనరావు బీరువాలో ఉంది. ఆయన్ని వర్క్‌షాపులో అందరూ ముదీర్ అంటారు, అరబ్బీలో మేనేజరనే.

ఈ రామ్మోహనరావు గారు కాకినాడ మనిషి, మహా మర్యాదస్తుడు. ఆయన నోట్లోంచి ఒక్క తిట్టు రాదు. నన్నడిగితే తిట్టేవాడే నయం. ఒకరోజు ఆయన హన్మంతు చేతి పని చూసి, ఒక పాత పుస్తకంలోని అచ్చులు తెచ్చి ముందు పెట్టాడు. ఓరుగల్లు పడిపోయాక మల్లమ నాయకుడనే దొర తన సీమను పరాయి చెర నుంచి విడిపించుకుని, ఆ మాటను మూడు రాగి పలకల మీద రాయించాడట. పలకలు ఎప్పుడో మాయమయ్యాయి, కాగితం మీద అచ్చులే మిగిలాయి. 'మన తెలుగువాళ్ల ఉత్సవంలో పెడదాం హన్మంతూ, అచ్చం అలాగే చేసిపెట్టు, పాస్‌పోర్ట్ నీ చేతిలో పెట్టి టికెట్ కొని పంపిస్తాను' అన్నాడు.

హన్మంతు చేశాడు. ఆ పాత లిపి అతనికి చదవరాదు, అయినా గీతకు గీత దించాడు. ముదీర్ చదివి అర్థం చెప్పినప్పుడు రెండో పలకలో ఒక మాట అతనికి బాగా పట్టింది. ఈ నేల మీద పుట్టినవాణ్ణి ఎవడూ కట్టి తీసుకుపోరాదు, ఎవరి దారిన వాళ్లు రావచ్చు, పోవచ్చు. అబ్బ, ఎంత మాట రాయించినవయ్యా దొరా అనుకుంటూ ఆ వరుసను మూడు రోజులు కొట్టాడు. చివర్లో శాపం కూడా ఉంది. ఈ మాటకు మోసం చేసినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడు. అది కొట్టే రోజు మాత్రం తలస్నానం చేసి కూర్చున్నాడు. తరవాత పలకలకు ఉప్పునీళ్లు చల్లి, గోనెసంచిలో చుట్టి, వర్క్‌షాపు వెనక ఏసీ నీళ్లు కారే మూల నలభై రోజులు ఉంచితే, రాగి పచ్చగా, నల్లగా మారి ఏడొందల ఏళ్ల ముసలిదైంది.

అదీ సంగతి. ఇక పదండి.

ఆదివారం మధ్యాహ్నం. ఆగస్టు ఎండ బయట నిలబడ్డవాణ్ణి వేయించుకు తినేస్తోంది. రత్నాకర్ కారు మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ముదీర్ విల్లా ముందు ఆగింది. హన్మంతు దిగలేదు.

"రత్నన్నా, నన్నెందుకు రమ్మన్నరే? అమ్మేటోడు ఆయన, కొనేటోళ్లు ఆళ్లు. నడుమ నాదేమున్నది?"

"ఆ వచ్చే మేడమే అడిగిందట. పలకలు కడిగిన మనిషి కూడ ఉండాలె, లేకుంటే రాను అన్నదట."

హన్మంతు సీట్లో ఇంకా వెనక్కి జరిగాడు. "పోకుంటే?"

రత్నాకర్ స్టీరింగ్ వైపు చూస్తూ అన్నాడు. "ఏడు గంటల విమానం పోతది. పాస్‌పోర్ట్ ఆయన జేబులున్నది, నేను చూసిన. లోపటికి పో, నోరు మూసుకోని నిలవడు, ఖలాస్. సాయంత్రం నేనే ఎయిర్‌పోర్ట్‌ల దింపుత."

దిగే ముందు హన్మంతు ఫోన్ తీసి, పొద్దున వచ్చిన వాయిస్ మెసేజ్ ఇంకొకసారి చెవికి పెట్టుకున్నాడు. అది అప్పటికి ఎన్నోసారో అతనికే తెలియదు. భార్య ఐలవ్వ గొంతు, ఎప్పట్లాగే కూతురి పేరు కలిపి పిలుస్తూ. "కరుణ బాపూ, డాక్టరమ్మ మంగళారం పొద్దుగాల్నే ఆపరేషన్ అన్నది. గడ్డ పెద్దగైందట. నువ్వొచ్చి దస్కతు వెట్టాలంటున్నరు. పొల్ల ఏడుస్తున్నది గని నేనైతే ఏడుస్తలేను. నువ్వు రా, గంతే."

ఏడుస్తలేనన్న మనిషి గొంతులో ఏముందో పాతికేళ్లు కాపురం చేసినవాడికి తెలియదా? ఫోన్ జేబులో పెట్టుకుని దిగాడు.

వంటింట్లో రామ్మోహనరావు గారే స్వయంగా సులేమానీ, అదే పాలు లేని టీ, కాస్తున్నాడు. భార్యాపిల్లలు సెలవులకి కాకినాడ వెళ్లారు. తెల్ల చొక్కా, ఆ చొక్కా జేబులోంచి రెండు వేళ్ల మేర పైకి కనిపిస్తూ పాస్‌పోర్ట్. కావాలనే అలా పెట్టుకున్నాడని నా అనుమానం.

"రా హన్మంతూ, రా. తిన్నావా?"

"తిన్న సార్." తినలేదు.

"చూడు నాయనా, ఒక్కటే మాట. నువ్వు రాగి శుభ్రం చేసే మనిషివి. గంగాళాలు తోమినట్టు తోమావు, అంతే. ఉలి పట్టడం నీకు రాదు. మేడమ్ ఏమడిగినా, తెలియదండీ అని ఊరుకో. సరేనా?"

"సార్, ఉత్సవం అన్నరు గద..."

"ఉత్సవమేనయ్యా." ముదీర్ నవ్వుతూ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "నీకు సాయంత్రం ఏడింటికి ఉత్సవం, నాకు మధ్యాహ్నం మూడింటికి ఉత్సవం. ఎవరి ఉత్సవం వాళ్లం చేసుకుందాం. తేడా వచ్చిందనుకో, దొంగ శాసనం తయారుచేసినవాడు ఎవడు? నేనా? నాకు మేకు కొట్టడం కూడా రాదు. ఈ దేశంలో జైలు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు."

ఈ మాటలన్నీ గ్లాసుల్లో పుదీనా ఆకులు వేస్తూ చెప్పాడు. హన్మంతు తన చేతుల వంక చూసుకున్నాడు. నిజమే కదా! ప్రతి అక్షరం తన చేత్తో కొట్టిందే. ముదీర్ చేతికి మట్టి కూడా అంటలేదు. కాలింగ్ బెల్ మోగింది.

వచ్చినావిడ పేరు తహ్మీనా. యాభై దాటి ఉంటుంది. ఒంటి నిండా నల్లటి అబాయా అంగీ, మెడలో గొలుసుకు వేలాడే కళ్లద్దాలు, భుజానికి పెద్ద తోలు సంచి. దుబాయ్‌లో డేరా సూక్ అనే బజార్లో పాత వస్తువుల కొట్టు నడిపే ఆశిష్ సేఠ్ తరఫున సరుకు చూసి అసలో నకిలీయో తేల్చేది ఈమేనని రత్నాకర్ దారిలోనే చెప్పాడు. సలాము చేసి, కుర్చీ లాక్కుని కూర్చుని, ముందు హన్మంతు మొహం చూసింది, తరవాత అతని చేతులు చూసింది. హన్మంతు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఈయనేనా కడిగింది?" తెలుగులోనే అడిగింది.

"మీకు తెలుగొచ్చాండీ!" అన్నాడు ముదీర్. ఆయనకది రుచించలేదు, మొహంలో తెలిసిపోయింది.

"హైదరాబాద్‌ల పుట్టి పెరిగినోళ్లకు రాకుండ ఎట్లుంటది సార్? దిఖాయియే, చూపించండి."

భోజనాల బల్ల మీద తెల్ల తువ్వాలు. దాని మీద మూడు పలకలు. మూడింటినీ గుచ్చిన కడియం, కడియం మీద నంది ముద్ర. తహ్మీనా చేతులకు తొడుగులు వేసుకుంది. సంచిలోంచి చిన్న లైటు, భూతద్దం తీసింది.

ముందు కడియం తిప్పి చూసింది. కడియం అతికిన చోట వేలితో రుద్దింది, వాసన చూసింది, తల ఊపింది. మొదటి పలక ఎత్తింది. వరుస వరుసా లైటు పారించింది. రెండో పలక. 'కట్టి తీసుకుపోరాదు' అన్న వరుస దగ్గర చాలాసేపు ఆగింది. హన్మంతు మనసులో కొండగట్టు అంజన్నకు మొక్కాడు. స్వామీ, మూడో పలక వెనక్కి తిప్పకుండ చూడు. నడిచొచ్చి తలనీలాలిస్త.

మూడో పలక వెనక ఏముందని అంత భయం అంటారా? చెప్తాను, వినండి.

హన్మంతు ఇంటివాళ్లకు తాతల నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా గిన్నె ఇచ్చేటప్పుడు ఉత్త గిన్నె ఇవ్వరు కదా, చిటికెడు బియ్యమో పసుపో వేసి ఇస్తారు. దుకాణం ముందు కూర్చుని పేరు కొట్టేవాడి దగ్గర బియ్యం ఎక్కడివి? అందుకని వాళ్ల తాత, పేరు కొట్టడం అయిపోగానే గిన్నె అడుగున ఒక్క ఉలి దెబ్బతో వడ్లగింజంత గుర్తు వేసేవాడు. ఉత్త గిన్నె మన చేతుల మీద నుంచి పోవద్దురా అనేవాడు. తాత వేశాడు, బాపు వేశాడు, హన్మంతు పాతికేళ్లు వేశాడు. లగ్గాల కాలంలో రోజుకు రెండొందల గిన్నెలు. ఆ దెబ్బ వెయ్యమని బుర్ర చెప్పక్కర్లేదు, చెయ్యే వేసేస్తుంది. శాపం వరుస కొట్టి, పని అయిపోయిందని మూడో పలక తిరగేసినప్పుడు కూడా చెయ్యి వేసేసింది!

పలకలు పచ్చబడి, ముదీర్ చేతికి ఇవ్వడానికి గుడ్డలో చుడుతున్న రోజు గానీ అతను అది చూడలేదు. అప్పుడు చూసి ఏం లాభం? గీకేద్దామంటే లోపలి రాగి ఎర్రగా బయటపడుతుంది, గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఉత్సవంలో పెట్టే బొమ్మే కదా, ఎవడు చూడొచ్చాడులే అని చుట్టి ఇచ్చేశాడు. ముదీర్‌కు చెప్పలేదు. మూడు రోజుల తరవాత రత్నాకర్ వచ్చి చెవిలో ఆ మాట వేశాడు.

తహ్మీనా మూడో పలక ఎత్తింది. ముందు వైపు చదివింది. శాపం దగ్గర పెదాలు కదిపింది. తరవాత తాపీగా, రొట్టె తిరగేసినట్టు, పలకను తిరగేసింది.

లైటు ఒక మూలన ఆగిపోయింది.

అంజన్న వినలేదు. హన్మంతు గోడకు ఆనుకున్నాడు.

"సార్," అంది తహ్మీనా. "ఇదేంటిది?"

రామ్మోహనరావు వంగి చూశాడు. ఆయన దాన్ని చూడడం అదే మొదటిసారి. కానీ ఆ నాలుక ఎప్పుడు తడుముకుంది గనక! "చెక్కినవాడి గుర్తండీ. ఆ రోజుల్లో శిల్పులు తమ గుర్తు ఒకటి వేసుకునేవారు. ఇది అసలుదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి చెప్పండి?"

"వాహ్," అంది తహ్మీనా. భూతద్దం పక్కన పెట్టి, సులేమానీ ఒక గుక్క తాగింది. "మా నానీది జగిత్యాల. ఆమె పెండ్లికి వచ్చిన రాగి గిన్నెలు మా అమ్మకొచ్చినయ్, అమ్మవి నాకొచ్చినయ్. రంజాన్‌కు హలీం వండుకునే డేగ్చా కూడ అందులనే ఉంది. దాని అడుగున ఇట్లాంటి గింజనే ఉంటది. చిన్నప్పుడు తోమేటప్పుడు గోరుతోటి గీరేదాన్ని. ఇదేంది అమ్మీ అంటే, మెట్‌పల్లి కంచరోళ్లు వేస్తరు బేటా, ఉత్త గిన్నె ఇయ్యరు వాళ్లు అనేది." గ్లాసు కింద పెట్టింది. "ఏడొందల ఏండ్ల కిందట కూడ మెట్‌పల్లిల గిన్నెల దుకాణం ఉండేదా సార్?"

ముదీర్ మొహంలో రక్తం చుక్క లేదు. అయినా నవ్వాడు. "వంశపారంపర్యం అండీ. ఆ వంశమే..."

"అచ్ఛా." సంచిలోంచి అరచేతి వెడల్పు రాగి రేకు, చిన్న సుత్తె, సన్న ఉలి తీసి బల్ల మీద పెట్టింది. "అయితే వంశాన్నే అడుగుదాం. భాయ్, నీ పేరేంది?"

"హన్మంతు... మేడం."

"ఇటు రా. కూర్చో. ఒక్క పేరు కొట్టు. ఎవరిదైనా సరే."

"అయ్యో, వాడికేం వచ్చండీ! ఓనమాలు రావు. తోముడు పని వాడిది," అన్నాడు ముదీర్. చెప్తూ జేబు మీద రెండు వేళ్లతో తట్టాడు. ఆ తట్టడం ఎవరి కోసమో మీకూ నాకూ తెలుసు.

"రాకపోతే వంకరటింకర కొడతడు. పోయేదేముంది? బైఠో భాయ్."

హన్మంతు కూర్చున్నాడు. ఉలి చేతిలోకి తీసుకున్నాడు. పాడు చెయ్యాలి, అంతే. రానివాడు కొట్టినట్టు కొట్టాలి. అక్షరం జారిపోవాలి, రేకు చీరుకుపోవాలి. పాడు చేస్తే పాస్‌పోర్ట్, పాస్‌పోర్ట్‌తో విమానం, విమానం దిగితే ఐలవ్వ. ఇంతకంటే సులభమైన లెక్క ఉందా?

ఏదో ఒక పేరు అనుకున్నాడు. ఏ పేరూ తోచలేదు, ఐలవ్వ పేరు తప్ప. మొదటి దెబ్బ వేశాడు. ఉలి పక్కకు జారింది. మంచిదే, జారనీ. రెండో దెబ్బ కూడా జార్చాడు. రేకు మీద గాటు పడింది. ఆస్పత్రి మంచం మీద పడుకుని ఉన్న మనిషి పేరు మీద తన చేత్తో గాటు పెడుతున్నాడు. గంగ ఒడ్డున గోవును చంపిన పాపం. ఆ శాపం కొట్టింది తనే, దానికి మోసం చేస్తున్నదీ తనే. ఆ పాపం తనను కొడితే సరే, మంగళవారం పొద్దున ఆపరేషన్ బల్ల మీద ఆమెను కొడితే?

మూడో దెబ్బకు ఉలి జారలేదు.

తరవాత ఆగలేదు. టిక్ టిక్ టిక్ మని సన్న దెబ్బలు, దుకాణం అరుగు మీద కూర్చున్నట్టే. గాటును కలుపుకుంటూనే 'ఐ' వచ్చింది, దాని పక్కన 'ల' వచ్చింది. ముదీర్ "హన్మంతూ!" అన్నాడు. హన్మంతు తల ఎత్తలేదు. పేరు పూర్తయింది. ఉలి కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, నేనే చేసిన. మూడు పలకలు, కడియం, ముద్ర, అన్నీ నేనే చేసిన. ఉత్సవంల పెడుతరంటే చేసిన. అమ్ముతరని నాకు తెల్వది, అంజన్న మీద ఒట్టు. దొంగతనం మా ఇంటా వంటా లేదు. నా పెండ్లానికి ఆపరేషన్ ఉన్నది. పోలీసులకు చెప్పకు తల్లీ, నీ కాళ్లు మొక్కుత."

"చూశారా అండీ, వీడి నాటకం!" రామ్మోహనరావు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. మర్యాద ఎక్కడికి పోయిందో, ఆయన గొంతు కీచుమంది. "నన్ను మోసం చేశాడు వెధవ! మా ఊళ్లో తవ్వకాల్లో దొరికాయని తెచ్చాడు, నేను నమ్మాను. మేడమ్, మీరు సాక్ష్యం. వీడి మీద నేనే కేసు పెడతాను!"

ఎంత చప్పున తిరిగిపోయాడో చూశారా! కిందటి నిమిషం దాకా ఓనమాలు రానివాడు, ఈ నిమిషానికి ఊరంత మోసగాడు. హన్మంతు నోరు తెరుచుకుని ఆయన వంకే చూశాడు. భయంలో కూడా అతనికి రోషం వచ్చింది గానీ, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తహ్మీనా మాత్రం కదల్లేదు. ఐలవ్వ పేరున్న రేకును లైటు కింద పెట్టి చూస్తోంది. పెట్టిన గాటును 'ఐ' లో ఎలా కలిపేశాడో వేలితో తడిమింది.

"కూర్చోండి సార్," అంది. "కేసులు గీసులు ఎందుకు. మీరు ఫోటోలు పంపిన రోజే తెలుసు ఇవి నకిలీవని."

"ఎలా... ఎలా తెలుసు?"

"అసలువి మా సేఠ్ దగ్గరనే ఉన్నయ్ కాబట్టి. పదకొండేండ్లాయె."

రామ్మోహనరావు కూర్చున్నాడు.

"అసలు సరుకున్న మనిషికే నకిలీ అమ్మజూసిన్రు. సేఠ్‌కు కోపం రాలే, నవ్వొచ్చింది. కానీ ఫోటోల పని చూసినంక నవ్వు ఆగిపోయింది. ఈ చెయ్యి ఎవరిది తహ్మీనా, పోయి చూసి రా అన్నడు. కడిగిన మనిషి ఉండాల్నని అందుకే అడిగిన. చేసినోడు దగ్గర లేకుండ ఇంత పని కాదని నాకు తెలుసు." తొడుగులు విప్పి సంచిలో వేసుకుంది. "అసలుదాన్ని సేఠ్ ఎవరికీ అమ్మడు. కానీ కావాలనేటోళ్లు లండన్‌ల ఒకరున్నరు, సింగపూర్‌ల ఒకరున్నరు, మన హైదరాబాద్‌ల ఇద్దరున్నరు. అసలుదేనని జెప్పి అందరికీ తలా ఒకటి ఇయ్యాలె, చేసేది ఈ భాయ్. ఒకరి సంగతి ఒకరికి తెలియదు."

హన్మంతుకు ఒకటే అర్థమైంది. పోలీసులు రారు. జైలు లేదు. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది కూడా, పాపం. అప్పుడు ఆవిడ ముదీర్ వైపు చెయ్యి చాచింది.

"పాస్‌పోర్ట్ ఇటియ్యండి సార్."

"ఏ... ఏ పాస్‌పోర్ట్ అండీ?"

"మీ జేబుల ఉన్నది. వచ్చినప్పటి నుంచి తట్టుకుంటనే ఉన్నరు. అదిస్తే సేఠ్ ఈ సంగతి మర్చిపోతడు. ఇయ్యకుంటే మర్చిపోడు. ఆయన మర్చిపోకపోతే ఎట్లుంటదో మీకు ఎరికైతే, ఇంకోమాట నేను చెప్ప."

"సార్!" హన్మంతు లేచి ఇద్దరి నడుమ అడ్డం నిలబడ్డాడు. "సార్, ఇయ్యకున్రి. నాకు మాటిచ్చిన్రు సార్. రెండో పలక మీరే చదివి చెప్పిన్రు గద సార్, మనిషిని కట్టి తీసుకుపోవద్దని. నేను మీ తాన ఒళ్లొంచి కష్టం చేసిన గని ద్రోహం చెయ్యలే. మంగళారం ఆపరేషన్ సార్. ఇయ్యకున్రి."

రామ్మోహనరావు అతని మొహం చూడలేదు. చొక్కా జేబులోంచి రెండు వేళ్లతో పాస్‌పోర్ట్ తీశాడు. హన్మంతు భుజం మీదుగా చెయ్యి చాపి, తహ్మీనాకు అందించాడు. ఇచ్చేసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పలకల కింద పరిచిన తువ్వాలే అది.

"అమ్మా, నీకూ ఆడపిల్లలుండి ఉంటరు," అన్నాడు హన్మంతు. "నన్ను ఇంటికి వోనియ్యి. ఆపరేషన్ కాంగనే వస్త. పలకలు పదైనా చేస్త. నా బిడ్డ మీద ఒట్టు."

తహ్మీనా మొదటిసారి అతని కళ్లలోకి చూడలేకపోయింది. "నేను కూడ ఒకరికి జవాబు చెప్పుకోవాల్నే హన్మంత్ భాయ్," అంది మెల్లగా. "నా చేతుల ఏం లేదు. నువ్వెంత తొందరగా చేస్తే అంత తొందరగా పోతవ్."

"ఎన్నొద్దులు పడుతది?"

ఆవిడ సంచిలోంచి గుడ్డ మూట తీసి అతని చేతిలో పెట్టింది. విప్పాడు. రాగి పలక. అదే శాసనం, అదే కొలత, కొత్త రాగి. సగం దాకా అక్షరాలు ఉన్నాయి, సగం ఖాళీ. హన్మంతు కళ్లు ఊరుకోవు కదా, పని చూసేశాయి. మంచి చెయ్యి. తన కంటే మంచి చెయ్యి. కానీ ఆ చెయ్యి ఒక అక్షరం నడుమ ఆగిపోయింది. పని వచ్చినవాడు ఎక్కడైనా ఆపుతాడు గానీ, అక్షరం నడుమ ఆపడు.

"ఇది ఎవరు చేసిన్రమ్మా?"

"ఒకాయన ఉండె. అక్కడి నుంచి నువ్వు మొదలుపెట్టాలె."

"ఉండె అంటే? ఆయన ఏడికి వోయిండు?"

తహ్మీనా సంచి జిప్పు పూర్తిగా లాగి, పాస్‌పోర్ట్ లోపల పెట్టడానికి వంగింది. ముదీర్ అప్పటికే వంటింట్లోకి వెళ్లిపోయాడు, నల్లా నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. హన్మంతు జేబులో ఫోన్ మోగింది. ఐలవ్వ. బయలెల్లినవా అని అడుగుతుంది, ఇంకేం అడుగుతుంది? అతను ఎత్తలేదు, ఎత్తడానికి చెయ్యి రాలేదు. అతని కళ్లు ఆ సంచిలోకే చూస్తున్నాయి.

తన పాస్‌పోర్ట్ వెళ్లి పడిన చోట ఇంకో పాస్‌పోర్ట్ ఉంది. అదే మూడు సింహాల ముద్ర, అంచులు నలిగి, రబ్బరు బ్యాండు వేసి.

"అమ్మా," అన్నాడు హన్మంతు. "ఆయన ఇంటికి వోతే, ఆయన పాస్‌పోర్ట్ నీ తాన ఎందుకున్నది?"

తహ్మీనా జిప్పు మూసింది.

"యల్లా భాయ్," అంది. "బండెక్కు."